స్వతంత్ర వెనుక సస్పెన్షన్

స్వతంత్ర వెనుక సస్పెన్షన్ అనగా కారు వెనుక చక్రాలు రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పైకి, కిందికి కదలగలిగే అమరిక. పాతకాలపు కార్లలో దీని రూపాలు అనేకం ఉన్నప్పటికీ స్వింగ్ యాక్సిల్, జాగ్వార్ పద్ధతి బాగా ప్రసిద్ధమైనవి.

అవసరం

అంబాసిడర్ వంటి కార్లలో వెనుక చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి. ఒక చక్రం గుంతలో దిగితే ఇరుసు మొత్తం ఒరిగి రెండవ చక్రం కూడా వాలుతుంది. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ బరువు కూడా చక్రాలతో పాటే ఎగిరిపడుతుంది. స్ప్రింగుల కింది బరువు పెరిగే కొద్దీ చక్రం నేలను అంటిపెట్టుకొని ఉండటం కష్టమవుతుంది. స్వతంత్ర పద్ధతిలో డిఫరెన్షియల్‌ను కారు చట్రానికే బిగిస్తారు. అక్కడి నుండి కీళ్ళు గల రెండు షాఫ్టులు చక్రాలను తిప్పుతాయి.

స్వింగ్ యాక్సిల్

ఎడ్మండ్ రుంప్లర్ 1903లో పేటెంటు పొందిన ఈ పద్ధతిలో ప్రతి షాఫ్టుకు డిఫరెన్షియల్ వైపు మాత్రమే కీలు ఉంటుంది. అందువలన చక్రం ఆ కీలు చుట్టూ వృత్తఖండంలో కదులుతుంది, కదిలినప్పుడల్లా దాని వాలు మారుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దీనికి చక్కని ఉదాహరణ. తయారీ సులభం, ఖర్చు తక్కువ. కానీ మలుపులో వేగంగా పోతున్నప్పుడు బయటి చక్రంపై నేల కలిగించే పక్క బలం కారు వెనుక భాగాన్ని పైకి ఎత్తుతుంది. అప్పుడు ఆ చక్రం అడుగు లోపలికి ముడుచుకొని పట్టు కోల్పోతుంది. కారు గిర్రున తిరగవచ్చు, బోల్తా పడనూ వచ్చు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలివేస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

1960 మోడల్‌గా వచ్చిన షెవర్లే కోర్వేర్‌ను ఈ కారణం చేతనే రాల్ఫ్ నాడర్ తన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' (1965) గ్రంథంలో తీవ్రంగా విమర్శించాడు. గ్రంథం వెలువడేనాటికే 1965 మోడల్‌లో ఆ అమరికను మార్చివేశారు. తొలి కోర్వేర్ నాటి ఇతర కార్ల కంటే ప్రమాదకరం కాదని అమెరికా రహదారి భద్రతా సంస్థ 1972లో తేల్చింది. కనుక నింద అంతా ఆ ఒక్క కారుపై మోపడం న్యాయం కాదు. బలహీనత సూత్రంలోనే ఉంది.

జాగ్వార్ పద్ధతి

1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌లో షాఫ్టుకు రెండు చివరలా యూనివర్సల్ జాయింట్లు ఉన్నాయి. షాఫ్టే పై చేయిగా, దాని కింద మరొక ఉక్కు చేయి ఉండి, రెండూ కలిసి చక్రాన్ని పట్టుకుంటాయి. కనుక చక్రం లేచినా దిగినా వాలు కొద్దిగానే మారుతుంది. ఒక్కొక్క వైపు రెండేసి కాయిల్ స్ప్రింగులు, వాటి నడుమ షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. డిస్కు బ్రేకులను సైతం చక్రాల వద్ద గాక డిఫరెన్షియల్ పక్కనే అమర్చారు. బరువు తగ్గింది గాని, బ్రేకుల మరమ్మత్తు మెకానిక్కులకు పెద్ద తలనొప్పి అయింది.

భారతదేశంలో

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లో స్వింగ్ యాక్సిల్, అడ్డంగా అమర్చిన కమాను పట్టీలు ఉండేవి. దాని తరువాత 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌లో తిరిగి గట్టి ఇరుసునే వాడారు.