ఇటలీ వైన్‌లో ఆ వగరు, పులుపు ఎక్కడివి?

తొలిసారి ఇటలీ రెడ్ వైన్ రుచి చూసినవారు ముఖం చిట్లించడం మామూలే. ద్రాక్షరసంలా తియ్యగా ఉంటుందనుకుని ఓ గుక్క తాగితే, నేరేడుపండు తిన్నట్టు నాలుకంతా వగరు. వెంటనే పులుపు. మింగాక చివర్లో సన్నటి చేదు. సీసా పాడైందేమోనన్న అనుమానం కూడా వస్తుంది. కానీ ఇటలీ వైన్‌ను మిగతా దేశాల వైన్ల నుంచి వేరు చేసేవి ఆ మూడు రుచులే. అవి పోతాయేమోనన్న బెంగ ఇప్పుడు అక్కడి రైతులకు పట్టుకుంది.

ముందు వగరు సంగతి చూద్దాం. ద్రాక్ష తొక్కలో, గింజల్లో టానిన్లనే పదార్థాలుంటాయి. ఇవి లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుంటాయి. దాంతో నోట్లో జారుడుతనం పోయి నాలుక పట్టేసినట్టు అనిపిస్తుంది. పచ్చి జామకాయ, వక్క, ఎక్కువసేపు మరిగిన టీ డికాక్షన్ చేసేదీ ఇదే. అదే పక్కన మాంసమో చీజో ఉంటే టానిన్లు వాటి ప్రొటీన్లను కూడా పట్టుకుంటాయి. నాలుక మీద భారం తగ్గుతుంది. ఇక పులుపు ఆలివ్ నూనె జిడ్డును విరుస్తుంది. టమాటా సాస్ ముందు పులుపు లేని వైన్ చప్పగా తేలిపోతుంది.

అంటే ఈ వైన్ భోజనంలో భాగంగా తయారైంది. ఆవకాయను అన్నం లేకుండా చెంచాతో తిని రుచి తేల్చడం ఎంత న్యాయమో, ఇటలీ వైన్‌ను విడిగా తాగి తీర్పు చెప్పడమూ అంతే. మన దగ్గర చాలాచోట్ల మద్యం ముందు, భోజనం తర్వాత. పైగా ఏళ్లపాటు 150 శాతం దిగుమతి సుంకం ఉండటంతో ఇది స్టార్ హోటళ్ల సరుకుగానే మిగిలింది. అక్కడ మాత్రం మామూలు ఇళ్లలో కూడా కంచం పక్కన గ్లాసు ఉంటుంది.

ఊరికో ద్రాక్ష

తిండి ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. ఇటలీలో 20 ప్రాంతాలుంటే ఇరవైలోనూ వైన్ తయారవుతుంది. వైన్‌కు పనికొచ్చే ద్రాక్ష రకాలు 500కు పైగా నమోదయ్యాయి. ఉత్తరాన ఆల్ప్స్, నడుమ వెన్నెముకలా అపెనైన్ కొండలు, మూడువైపులా సముద్రం. పక్క లోయకు పోవడమే కష్టమైన చోట ఎవరి ద్రాక్ష వారిదే. ఒకే దేశంగా ఏకం కావడం 1861లో మొదలైంది. అప్పటిదాకా చిన్న చిన్న రాజ్యాలే. టస్కనీలాంటి చోట్ల పండినదాంట్లో సగం భూస్వామికి ఇచ్చే పాలికాపు పద్ధతి 20వ శతాబ్దం నడిమి దాకా సాగింది. గోధుమ, ఆలివ్, ద్రాక్ష ఒకే చేనులో కలిపి వేసేవారు. పేదరికం, వెనకబాటు వల్ల కూడా పాత రకాలు మిగిలాయన్నది చేదుగానే ఉన్నా నిజం.

ఫ్రాన్స్‌కు చెందిన కాబెర్నే, షార్డొనే ద్రాక్షలు ప్రపంచమంతా పాకాయి. ఇటలీవాటిలో చాలా రకాలు ఊరు దాటితే రాణించవు. వాయవ్యాన పియెమోంటే ప్రాంతంలోని నెబ్బియోలోయే తీసుకోండి. పొగమంచును ఇటాలియన్‌లో నెబ్బియా అంటారు. ఆ మాట నుంచే ఈ ద్రాక్షకు పేరొచ్చిందని చెబుతారు. మిగతా ద్రాక్షలు కోసేశాక, లోయల్లో మంచు దిగే అక్టోబరులో ఇది కోతకు రావడం ఆనవాయితీ. సున్నం కలిసిన బంకమట్టి, పగలు ఎండ, రాత్రి చలి దీనికి కావాలి. ఎండకు చక్కెర పెరుగుతుంది, చలికి పులుపు నిలుస్తుంది. దీంతో చేసే బరోలో వైన్‌ను 38 నెలలు నిల్వ ఉంచాలని, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే ఉంచాలని నిబంధన. రంగు చూస్తే పలచటి ఎరుపే. ఆ రంగును నమ్మి తాగితే వగరు దిమ్మ తిరిగేలా చేస్తుంది. కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో దీన్ని నాటి చూశారు కానీ పెద్దగా విస్తరించలేదు.

చట్టమే అడ్డుపడితే

ఊరికి, ద్రాక్షకు ఉన్న ఈ బంధాన్ని కాపాడేందుకు 1963లో ఇటలీ చట్టం చేసింది. ఏ హద్దుల్లో, ఏ ద్రాక్షతో, ఎలా చేస్తేనే ఆ పేరు వాడాలో నిర్ణయించే డీఓసీ వ్యవస్థ అది. తమాషా ఏమిటంటే, కియాంటి విషయంలో ఆ చట్టమే రుచిని పలచన చేసింది. ఇటలీ రెండో ప్రధానిగా పనిచేసిన బెత్తీనో రికాసోలి 1872లో రాసిన ఓ లేఖలో సాంజోవేసే ద్రాక్షకే పెద్దపీట వేశారు. తెల్ల ద్రాక్ష కలపడం త్వరగా తాగేసే వైన్‌కే తప్ప నిల్వ ఉంచేవాటికి వద్దన్నారు. 1967 నిబంధనలు మాత్రం 10 నుంచి 30 శాతం తెల్ల ద్రాక్షను తప్పనిసరి చేశాయి. ఎక్కువ సరుకు పండించేవారికి ఇది కలిసొచ్చింది.

కొందరు తిరగబడ్డారు. 1971 పంటతో మొదలైన టిన్యానెల్లో 1975కల్లా తెల్ల ద్రాక్షను పూర్తిగా వదిలేసింది. నిబంధన తప్పినందుకు అది అట్టడుగు తరగతి ‘టేబుల్ వైన్’ లేబుల్‌తోనే అమ్ముడై, గొప్ప కియాంటీలను మించిన ధర పలికింది. కియాంటి క్లాసికోలో తెల్ల ద్రాక్షను నిషేధించడానికి 2006 దాకా పట్టింది.

ఈలోగా 1986లో చవక వైన్‌లో మిథనాల్ కలిపిన ఘటనలో 20 మందికి పైగా చనిపోయారు. ఎగుమతులు కుదేలయ్యాయి. తనిఖీలు బిగిశాయి, లీటర్ల లెక్క తగ్గి నాణ్యత లెక్క పెరిగింది.

2008లో మోంటాల్చినోలో అసలు పరీక్ష ఎదురైంది. బ్రునెల్లో నూరు శాతం సాంజోవేసేతోనే చేయాలి. విదేశీ మార్కెట్ కోరే ముదురు రంగు, మెత్తటి రుచి కోసం కొందరు వేరే ద్రాక్ష కలిపారన్న ఆరోపణలపై దర్యాప్తు జరిగింది. నిబంధన సడలిద్దామా అని ఉత్పత్తిదారుల్లో ఓటింగ్ పెడితే, అత్యధికులు వద్దన్నారు. కొనేవారి నాలుకకు తగ్గట్టు వైన్‌ను మారిస్తే తమ ఊరి పేరుకు అర్థం ఏముంటుందన్నది వారి వాదన. వ్యాపారం కోణంలో చూసినా అది తెలివైన నిర్ణయమే అనిపిస్తుంది.

అన్నీ ఇలా వగరుగానే ఉంటాయని కాదు. నురగలు కక్కే ప్రొసెక్కో తేలిగ్గా, పండ్ల వాసనతో ఉంటుంది. అక్కడా పేరు గొడవే. ప్రొసెక్కో అన్నది ద్రాక్ష పేరైతే ఎవరైనా వాడుకుంటారు కాబట్టి, 2009లో ద్రాక్ష పేరును గ్లెరాగా మార్చి ప్రొసెక్కోను ప్రాంతం పేరుగా ఖాయం చేశారు. మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వెనకున్నదీ పేరును ప్రాంతానికి కట్టిపెట్టే ఆలోచనే.

ఇప్పుడు ఎండలు

మార్కెట్‌ను తట్టుకున్న ఆ రుచికి వేడి కొత్త ప్రమాదం. ఉష్ణోగ్రత పెరిగితే ద్రాక్షలో చక్కెర త్వరగా నిండుతుంది. రాత్రి చల్లబడకపోతే పులుపు జారిపోతుంది. తొక్కలోని వగరు పక్వానికి రాకముందే కోయాల్సి వస్తుంది. అక్టోబరులో కోసే నెబ్బియోలో ఇప్పుడు చాలా ఏళ్లు సెప్టెంబరులోనే కోతకొస్తోంది. వానలూ లెక్క తప్పుతున్నాయి. 2023లో తడి వాతావరణానికి బూజు తెగులు ముదిరి దిగుబడి పడిపోయింది. ఉత్పత్తిలో మొదటి స్థానం ఆ ఏడాది ఫ్రాన్స్‌కు పోయింది.

ఒకప్పుడు చలి ఎక్కువని వదిలేసిన ఉత్తరం వాలు పొలాలకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం మీద దాదాపు 1,000 మీటర్ల ఎత్తు దాకా ద్రాక్ష ఉంది. కొందరు ఇంకా పైకి వెళ్లారు. అక్కడ చల్లదనం ఉంది, పులుపు నిలుస్తుంది. కానీ ఎట్నా డీఓసీ హద్దు అంతకంటే కిందే ఆగిపోతుంది. ఆ పై తోటల్లో అదే ద్రాక్షతో, అదే లావా మట్టిలో చేసిన వైన్ సీసా మీద ఎట్నా డీఓసీ అని రాసుకోవడానికి వీల్లేదు.