రెండు సంతకములు, ఒక తలుపు

నెల్లూరు జిల్లా సముద్రతీరమున, విడవలూరు పరిసర గ్రామములలో ఎవరికైన మతి చలించినచో, పెద్దలకు మొదట స్ఫురించుచు వచ్చినది వైద్యుడు కాడు, అనుమసముద్రంపేట దర్గా. హిందువులును ముసల్మానులును ఆ వాకిటనే రాత్రులు గడపుదురు. తరిగొండ వెంగమాంబను కూడ లోకము పిచ్చిదని యెంచెనని ప్రతీతి. అయినను ఆమె తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యమును రచింపగలిగెను. ఆమెపై తాళము వేసి తాళపుచెవి మొలను దోపుకొన్నవారు లేరు. ఇంతమాత్రమున పూర్వపద్ధతియే దయగలదని మురియుట తగదు. 2001 ఆగస్టు 6న తమిళనాట ఏర్వాడి దర్గా చెంత ఒక పాకకు నిప్పంటుకొని 28 మంది మానసిక రోగులు మరణించిరి. వారు గొలుసులతో కట్టివేయబడియుండిరి.

ప్రభుత్వము కట్టిన గోడ వేరు. మద్రాసు కీల్పాకులో పిచ్చాసుపత్రి 1871లో వెలసినది. నెల్లూరు 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిదే. 1912 నాటి చట్టము ప్రకారము బంధువు అర్జీ పెట్టుకొని, ఇద్దరు వైద్యులు ధ్రువపత్రములు వ్రాసి యిచ్చినచో, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మనిషిని లోపలికి పంపవచ్చును. రైతైనను వర్తకుడైనను అప్పుడు పోగొట్టుకొనునది స్వేచ్ఛ. రచయిత మరియొకటి కూడ పోగొట్టుకొనును. అది తన మాటకు లోకములో గల చెల్లుబాటు. అతడు లోపలినుండి వ్రాసిన ఉత్తరమును ఉత్తరముగా చదువువారుండరు, రోగలక్షణముగా చదువుదురు.

ఫ్రాన్సు దేశపు శిల్పి కామీ క్లోదెల్ కథ యిట్టిదే. 1913 మార్చిలో తండ్రి మరణించిన కొలది దినములకే కుటుంబమువారు ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్చిరి. శిల్పాచార్యుడు రోదాఁ తన పనిని దొంగిలించుచున్నాడను భ్రమ ఆమెకు ఉండిన మాట నిజమే. రోగము లేదనుట సత్యము కాదు. కాని కొన్నియేండ్లకు ఆమెను ఇంటికి పంపవచ్చునని వైద్యులే సూచింపగా తల్లి అంగీకరింపలేదు. ఒక్కమారైనను వచ్చి కూతురిని చూడలేదు. తమ్ముడు పోల్ క్లోదెల్ దేశమెల్ల ఎరిగిన కవి, రాయబారి. అతడు అరుదుగా వచ్చి చూచిపోయెడివాడు. ఆమె 1943లో పిచ్చాసుపత్రిలోనే కన్నుమూసెను. ముప్పదియేండ్లు! ఆ కాలమున ఆమె మరల శిల్పము చేపట్టలేదు. ఇది రోగము వేసిన శిక్షయా, ఇంటివారు వేసిన శిక్షయా అని పాఠకుడే యోచింపవలెను.

ఇంగ్లండు పల్లెకవి జాన్ క్లేర్ అదృష్టము కొంచెము మేలు. 1841లో ఎసెక్సు నందలి ఆశ్రయమునుండి తప్పించుకొని, ఆకలికి దారిలోని గడ్డి తినుచు, సుమారు ఎనుబది మైళ్లు నడచి ఇల్లు చేరెను. ఆ యేడాదియే అతనిని నార్తాంప్టన్ ఆసుపత్రికి పంపిరి. అచ్చటనే 1864లో మరణించెను. అయితే అచ్చట నైట్ అను ఉద్యోగి యుండెను. కవి చిత్తుకాగితములపై గీకిన పద్యములను ఓపికతో శుభ్రప్రతులు వ్రాసి యుంచెను. ఆంగ్లసాహిత్యము ఆ గుమాస్తాకు ఎంత ఋణపడినదో! న్యూజీలాండు రచయిత్రి జానెట్ ఫ్రేమ్‌కు మెదడుపై శస్త్రచికిత్స చేయ నిశ్చయించిరి. ఇంతలో ఆమె తొలి కథల పుస్తకమునకు బహుమానము వచ్చినదన్న వార్త ఆసుపత్రి అధికారి కంటబడెను. శస్త్రచికిత్స ఆగిపోయెను. తరువాత లండను వైద్యులు పరీక్షించి, ఆమెకు అంటగట్టిన రోగము ఆమెకెన్నడును లేదని తేల్చిరి. పుస్తకము అచ్చుకాని రోగులు ఏమైరి?

ప్రతిభకును పిచ్చికిని చుట్టరికము కలదను మాట విద్యార్థులకు మిక్కిలి రుచించును. బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం జీవితము దానిని ఖండించుచున్నది. 1923లో బ్రిటిషువారు తన కవితకై చెరసాలలో వేయగా అతడు నిరాహారదీక్ష పూని, వారములతరబడి సాగించి, దేశమంతట తన గొంతు వినిపించెను. ఆ చెర అతని నోరు మూయలేకపోయెను. 1942లో వచ్చిన జబ్బు మూసినది. పద్యము కాదు గదా, మాటయే పోయెను. 1952లో రాంచీ మానసిక వైద్యశాలకును, మరుసటి యేట లండను, వియన్నా నగరములకును కొనిపోయిరి. అది మెదడు క్షీణించు జబ్బని వియన్నా వైద్యుడు నిర్ణయించెను. 1976లో ఢాకాలో మరణించువరకు ఆ మౌనము వీడలేదు. రోగము అతనికేమియు ఈయలేదు, ఉన్నది తీసికొన్నది.

ఉర్దూ కథకుడు మంటో మద్యపానము మానుటకై లాహోరు పిచ్చాసుపత్రిలో కొంతకాలముండెను. దేశవిభజన తరువాత ఆస్తులవలెనే పిచ్చివారిని సయితము రెండు ప్రభుత్వములు పంచుకొన్నవి. ఆ సంగతిపై అతడు టోబా టేక్ సింగ్ కథ వ్రాసెను. లోపలివారి మాటలలో ఎంత అర్థమున్నదో, బయటివారి ఉత్తర్వులలో ఎంత పిచ్చియున్నదో తెలియగోరు ఉపాధ్యాయులు ఆ కథను తరగతిలో చదివి వినిపింపవచ్చును.

1912 చట్టము 1987లో వచ్చిన కొత్త చట్టముతో పోయినది. దానికి మారుగా 2017లో మరియొకటి వచ్చినది. రోగిని గొలుసులతో బంధించుట ఇప్పుడు నిషిద్ధము. తన్ను ఆసుపత్రిలో ఉంచుటపై రోగి సమీక్షామండలికి మొరపెట్టుకొనవచ్చును. మతి స్థిమితముగా నున్నప్పుడే, ముందుముందు జబ్బు చేసినచో తనకెట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో వ్రాసి యుంచుకొను హక్కు కూడ కలదు. విడవలూరులోని వయోజనుడెవడైనను అట్టి కాగితము వ్రాసికొనవచ్చును. దానిపై ఇద్దరు సాక్షులు సంతకము చేయుదురు, కాని అందలి మాట అతనిదే.