తెర పక్కన మనిషి ఉంటేనే ఇంగ్లీషు

మన సర్కారు బళ్ళలోకి తెరలు వచ్చేశాయి. నాడు-నేడు కింద బాగుచేసిన బళ్ళలో పై తరగతులకి పెద్ద పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు బిగించారు, చిన్న తరగతులకి స్మార్ట్ టీవీలు ఇచ్చారు. అంతకుముందే, 2022 డిసెంబరు 21న, మన డెల్టాలోనే బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబులు పంచారు. సామానుకి కొదవ లేదు. మరి ఆ తెర మీద బొమ్మ చూసి దివిసీమలో కూలోళ్ళ పిల్లకి ఇంగ్లీషు వస్తదా?

వస్తది. కాకపోతే ఒక షరతుంది. ఆ షరతేంటో చెప్పుకుందాం.

ముందు మనం చేసిన కొట్లాట ఒకసారి గుర్తు చేసుకోండి. 2019 నవంబరులో జీవో 81 వచ్చింది, సర్కారు బళ్ళన్నిట్లో ఇంగ్లీషు మీడియం అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2023లో టోఫెల్ అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక అదీ ఆపేశారు. తెలుగు కావాలనేవాళ్ళు ఒక పక్క, ఇంగ్లీషు కావాలనేవాళ్ళు ఇంకో పక్క టీవీల్లో గొంతులు చించుకున్నారు. ఏ మీడియం అని అందరూ అడిగారు. పిల్లకి ఆ భాష ఎట్టా వస్తది అని అడిగినోళ్ళు మాత్రం తక్కువ.

పేదోడి బిడ్డకి ఇంగ్లీషు కావాలి. అందులో వాదనేం లేదు. బ్యాంకు కాయితం, ఆస్పత్రి రిపోర్టు, కోర్టు తీర్పు, ఉద్యోగం ఇంటర్వ్యూ అన్నీ ఆ భాషలోనే నడుస్తున్నప్పుడు నీకెందుకులే అనడం అన్యాయం. కానీ భాష పుస్తకంలోంచి పుట్టదు, ముందు చెవిలో పడాలి. మన పిల్లలు తెలుగు ఎట్టా నేర్చుకున్నారు? అమ్మ వంట చేస్తూ మాట్లాడింది, నాయనమ్మ తిట్టింది, పక్కింటోళ్ళు పోట్లాడుకున్నారు. అయిదేళ్ళు విన్నాకే బడికి పోయి అక్షరాలు దిద్దారు. మరి నాగాయలంకలోనో కృత్తివెన్నులోనో ఆ పిల్ల చెవిన ఇంగ్లీషు ఎక్కడ పడతది? ఇంట్లో లేదు, వీధిలో లేదు. బళ్ళో టీచరు పాఠం చదివి అర్థం చెప్తారు. అక్కడితో సరి.

ఇక్కడే సినిమా ముక్క పనికొస్తది. రెండు నిమిషాల క్లిప్పులో మాట ఒక్కటే ఉండదు. మాట్లాడేవాడి మొహం ఉంటది, చెయ్యి ఎటు చూపిస్తున్నాడో ఉంటది, కోపమో నవ్వో ఉంటది. అర్థం సగం కంటికే తెలిసిపోద్ది. మిగతా సగం కోసం చెవి ఆత్రంగా పనిచేస్తది.

ఇంకోటి. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ఆగుతాయి. అందుకే బస్‌ని బస్సు చేసుకున్నాం, బుక్‌ని బుక్కు చేసుకున్నాం. మన ఇంట్లో అది తప్పేం కాదు, మన భాష తీరు అది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ మాట హల్లు దగ్గరే ఆగాలని పిల్లకి ఎవరు చెప్పాలి? ఓడని చెప్పే షిప్పుకీ గొర్రెని చెప్పే షీప్‌కీ తేడా నల్లబల్ల మీద రాస్తే తెలియదు, వింటే తెలుస్తది. క్రియ మనకి వాక్యం చివర్లో వస్తది, వాళ్ళకి మధ్యలో వస్తది. ఈ తేడా వ్యాకరణ సూత్రంగా చెప్తే పదో తరగతికి కూడా ఎక్కదు. ఇరవైసార్లు ఆ వరసలోనే వింటే మూడో తరగతి పిల్ల కూడా పట్టేసిద్ది.

సరే, అట్టాగైతే టీవీ వేసి వదిలేస్తే చాలుగా అంటారేమో. చాలదు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు 2003లో ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టారు. ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరుగుతున్న తొమ్మిది నెలల పసిపిల్లల్ని తీసుకున్నారు. కొంతమంది దగ్గర చైనా భాష మాట్లాడే మనిషి కూర్చుని 12 సార్లు ఆడించారు, బొమ్మల పుస్తకాలు చదివారు. ఇంకొంతమందికి అదంతా వీడియోలో చూపించారు. మనిషి దగ్గర ఉన్న పిల్లలు చైనా భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. వీడియో చూసినోళ్ళకి ఏమీ అంటలేదు. బడి ఈడు పిల్లలు పసిపిల్లలు కాదు, వాళ్ళు తెర నుంచి కొంత తీసుకోగలరు. అయినా పాఠం మాత్రం అదే. మనిషి లేని తెర ఖాళీ గోడ.

ఈ సంగతి మన బెజవాడకి కొత్త కాదు. 1921లో పోతిన శ్రీనివాసరావు ఇక్కడ మారుతీ సినిమా హాలు కట్టినప్పుడు బొమ్మలకి నోరు లేదు, అన్నీ మూకీలే. తెర మీద మధ్యమధ్యలో అక్షరాలు పడేవి, జనంలో చదువొచ్చినోళ్ళు తక్కువ. అందుకని ఆ రోజుల్లో మన దేశంలో చాలా హాళ్ళల్లో తెర పక్కన ఒక వ్యాఖ్యాత నిలబడి జరిగేదేందో గొంతెత్తి చెప్పేవాడు. సినిమా జనానికి అర్థమైంది ఆ మనిషి వల్ల. నేను చెప్పే షరతు ఇదే. ఇవాళ ప్యానెల్ పక్కన టీచరు ఆ పని చెయ్యాలి. చేతిలో రిమోట్ ఉండాలి, ఆపే బటన్ మీద వేలు ఉండాలి.

ఎట్టా చెయ్యాలో ఒక లెక్క చెప్తాను. పెప్పా పిగ్ అని బ్రిటన్ కార్టూన్ ఉంది, ఒక్కో కథ అయిదు నిమిషాలే. వాక్యాలు చిన్నవి, అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఆ పంది పిల్లకి బురద గుంటల్లో గెంతడం అంటే ప్రాణం. వానాకాలం నాట్లప్పుడు మోకాల్లోతు బురదలో ఆడే డెల్టా పిల్లలకి ఇంతకన్నా దగ్గరి కథ ఏం కావాలి? అందులోంచి రెండు నిమిషాలు తీసుకోండి.

మొదటిసారి శబ్దం లేకుండా చూపించండి. ఏం జరిగిందో పిల్లల్నే చెప్పమనండి, వాళ్ళ తెలుగులో, వాళ్ళ యాసలో. ఎవరూ నవ్వకూడదు, ఎవర్నీ దిద్దకూడదు. కథ వాళ్ళ చేతికి వచ్చాక అయిదారు ఇంగ్లీషు మాటలు బల్ల మీద రాయండి: మడ్, జంప్, బూట్స్, డర్టీ, క్లీన్. రెండోసారి శబ్దం పెట్టండి, ఆ మాట వినపడ్డప్పుడల్లా చెయ్యి ఎత్తమనండి. మూడోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి ఆ పిల్ల ఏమన్నదో పిల్లలతో అనిపించండి. తర్వాత ఇద్దరిద్దర్ని లేపి ఆడించండి, ఒకరు తల్లి, ఒకరు బురద పూసుకొచ్చిన పిల్ల. చివర్లో మూడే మూడు వాక్యాలు రాయించండి. ఒక పీరియడ్ అయిపోద్ది. వారానికి ఒక క్లిప్పు చాలు.

మాటలు లేని బొమ్మలు కూడా మంచివే. టామ్ అండ్ జెర్రీ చూడండి, చాప్లిన్ పాత సినిమా ముక్కలు చూడండి. వాటిల్లో మాటలు ఉండవు కాబట్టి మాటలు పిల్లలే వెయ్యాలి. పిల్లి ఎక్కడికి పోతోంది? ఎలుక ఇప్పుడు ఏం చేస్తది? తెర ఆపి అడిగితే పిల్లలు అరిచి చెప్తారు. తప్పు ఇంగ్లీషే చెప్తారు. చెప్పనీయండి, నోరు విప్పడమే మొదటి గెలుపు.

కాస్త పెద్ద పిల్లలకి మన డబ్బింగు సినిమాలే మెట్లు. 2019లో లయన్ కింగ్ తెలుగులో వచ్చినప్పుడు సింబాకి నాని గొంతు ఇచ్చాడు. 2024లో ముఫాసాకి మహేష్ బాబు గొంతు ఇచ్చాడు. ఆ సీను ముందు తెలుగులో చూపించండి, పిల్లలకి కథ మొత్తం ఎక్కేసిద్ది. తర్వాత అదే సీను ఇంగ్లీషులో పెట్టండి. అర్థం ఏమిటనే భయం పోయింది కాబట్టి చెవి మాట మీదే ఉంటది. తెలుగు అడ్డం అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. ఇక్కడ తెలుగే నిచ్చెన.

కింద అక్షరాలు పడే సంగతి కూడా తెలుసుకోండి. నెదర్లాండ్స్, స్వీడన్ లాంటి దేశాల్లో చిన్నపిల్లల బొమ్మలు తప్ప ఇంగ్లీషు సినిమాలకి డబ్బింగు చెప్పరు, తమ భాషలో అక్షరాలు వేస్తారు. అక్కడి జనం చిన్నప్పట్నుంచి ఇంగ్లీషు వింటూనే పెరుగుతారు. మన దేశంలో బ్రిజ్ కొఠారీ అనే ఆయన 1990ల్లోనే ఇంకో దారి పట్టాడు. సినిమా పాట ఏ భాషలో ఉందో అదే భాషలో అక్షరాలు వేసి, పాడుతున్న మాట రంగు మారేట్టు చేసి దూరదర్శన్‌లో చూపించేట్టు చేశాడు. సగం సగం చదువొచ్చినోళ్ళు పాటతోపాటు కళ్ళు జరుపుకుంటూ చదవడం అలవాటు చేసుకోవాలని ఆయన లెక్క. మన పిల్లలకీ అదే సూత్రం పెట్టుకోవచ్చు. నాలుగో తరగతి దాటినోళ్ళకి ఇంగ్లీషు మాటకి ఇంగ్లీషు అక్షరాలే పెట్టండి. తెలుగు అక్షరాలు పెడితే కన్ను అటే పోద్ది, చెవి నిద్రపోద్ది.

టీచర్లకి ఒక భయం ఉంది, సినిమా చూపిస్తే కేసవుద్దేమోనని. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ చదవండి. బడి పనిలో భాగంగా ఆ బడి పిల్లలకీ టీచర్లకీ తల్లిదండ్రులకీ బడితో సంబంధం ఉన్నోళ్ళకీ మాత్రమే సినిమా చూపిస్తే అది ఉల్లంఘన కాదని అందులోనే ఉంది. దొంగ కాపీలు దించుకోవడం వేరే సంగతి, దాని జోలికి పోవద్దు.

జాగ్రత్త పడాల్సిన విషయం ఇంకొకటుంది. ఈ కార్టూన్లలో ఇళ్ళు పెద్దవి, ఇంటి ముందు కారు, లోపల పిల్లకో గది. రేకుల షెడ్డులో ఉండే పిల్ల వారం వారం అదే చూస్తే, ఇంగ్లీషంటే ఆ ఇల్లే, మన ఇల్లు ఆ భాషలో చెప్పుకోదగ్గది కాదు అనుకుంటది. భాష రాకపోవడం కంటే ఇది పెద్ద నష్టం. దీనికి మందు పిల్లల చేతే క్లిప్పు తీయించడం. టీచరు ఫోను చాలు, ఒక్క నిమిషం చాలు. కొండపల్లి పిల్లలు బొమ్మల్ని నిలబెట్టి మాట్లాడించొచ్చు. పెడన పిల్లలు కలంకారీ అద్దకం అచ్చు పట్టుకుని అమ్మ ఏం చేస్తదో నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పొచ్చు. కైకలూరు పిల్లలు చేపల చెరువు గట్టు మీద నిలబడి మేత ఎట్టా వేస్తారో చెప్పొచ్చు. నా ఊరు, నా అమ్మ పని ఇంగ్లీషులో చెప్పగలను అన్న రోజు ఆ భాష ఆ పిల్ల సొంతం అవుద్ది.

దీనికి కొత్త సామాను అక్కర్లేదు. ట్యాబుల్లో పాఠాలు పెట్టిన బైజూస్ 2024 జూలైలో దివాలా కేసులోకి పోయింది. కంపెనీలు వస్తాయి, పోతాయి. బళ్ళో ఉండేది టీచరే. ఆ టీచరుకి మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కించే పని పెట్టి, పాఠం ఎప్పుడు చెప్పమంటాం? 1958లోనే హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ పెట్టారు, ఇప్పుడది ఇఫ్లూ విశ్వవిద్యాలయం. ఆ చదువు మండలం బడి దాకా దిగిరావాలి. రాష్ట్ర విద్యాశాఖ తరగతికి నలభై క్లిప్పులు ఏరి, ఎక్కడ ఆపాలో ఏం అడగాలో రాసి, నెట్టు లేని బళ్ళకి పెన్‌డ్రైవ్‌లో పంపాలి. ట్యాబులకి పెట్టిన డబ్బు ముందు ఇది లెక్కలోకి రాని ఖర్చు.

తల్లిదండ్రులకి ఒక మాట. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. అట్టాంటి మీటింగుకి మళ్ళీ పిలిచినప్పుడు కూలి పోద్దని మానొద్దు. పోయి, ప్యానెల్ ఎన్ని అంగుళాలు అని అడక్కండి. ఈ నెల దాని మీద ఏం చూపించారు, చూసేటప్పుడు ఎన్నిసార్లు ఆపారు, మా పిల్ల నోటితో ఏం అనిపించారు అని అడగండి.