ట్యాబ్ మొరాయిస్తే కాగితమే దిక్కు

ఆట సాగుతుండగానే ఆటగాడి చెవిలో శిక్షకుడు వ్యూహం చెప్పేందుకు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 1994లో అనుమతించింది. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో అమరుస్తారు. ఎత్తు మొదలుపెట్టేందుకు ఇచ్చే గడువులో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియోను నిలిపివేస్తారు. మాట సరిగా అందకపోతే చేతి సంజ్ఞలే శరణ్యం. అందుకే మణికట్టుకు వ్యూహాల చీటీ కట్టుకుని దిగేవారూ ఉన్నారు.

2014లో మైదానం అంచుకు మైక్రోసాఫ్ట్ ట్యాబ్‌లు వచ్చాయి. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల ఆ సంస్థ పగ్గాలు చేపట్టిన సంవత్సరమది. అంతవరకు ప్రతి ఎత్తు ఛాయాచిత్రాన్ని ముద్రించి, ఫైలులో పెట్టి శిక్షకులకు అందించేవారు. ట్యాబ్‌లో అదే చిత్రం క్షణాల్లో ప్రత్యక్షమవుతుంది, దానిపై గీతలు గీసి ఆటగాళ్లకు వివరించవచ్చు.

అయితే 2016 జనవరి 24న డెన్వర్‌లో జరిగిన కీలక పోరులో న్యూఇంగ్లండ్ పేట్రియాట్స్ ట్యాబ్‌లు కొంతసేపు పనిచేయలేదు. నెట్‌వర్క్ కేబుల్‌లో లోపం తలెత్తిందని, రెండో క్వార్టర్‌లో సరిచేశామని లీగ్ ప్రకటించింది. ఆ మ్యాచ్‌లో పేట్రియాట్స్ 18-20 తేడాతో ఓడింది. ఓటమికి ట్యాబ్‌లే కారణమనడం తొందరపాటే అవుతుంది. కానీ ఆ జట్టు శిక్షకుడు బిల్ బెలిచిక్‌కు వాటిపై నమ్మకం నిలవలేదు. ఇక ట్యాబ్‌లు వాడబోనని, ముద్రించిన చిత్రాలే తనకు నయమని అదే ఏడాది అక్టోబరులో తేల్చిచెప్పారు.

ఆయన వాదన కొట్టిపారేయదగినది కాదు. ఈ పరికరాలు లీగ్ ఆస్తి. మ్యాచ్ రోజున, ఆటకు కొద్ది గంటల ముందే జట్టు చేతికి వస్తాయి. వారమంతా సాధన చేసే జట్టుకు, ఆ యంత్రాన్ని ముందుగా పరీక్షించుకునే వీలు మాత్రం లేదు. పైగా ట్యాబ్ ఎంత గట్టిదైనా తీగ, విద్యుత్తు, వైర్‌లెస్ తరంగాలలో ఏ ఒక్కటి తప్పినా తెర ఖాళీయే.

శిక్షకుల హెడ్‌సెట్‌లదీ అదే పరిస్థితి. ఒక జట్టువి మూగబోతే ప్రత్యర్థి జట్టువారూ తీసేయాలన్న నిబంధన ఉంది. నష్టాన్ని సమానం చేయడమే తప్ప లోపాన్ని సరిదిద్దడం దానివల్ల కాదు. 2015 సెప్టెంబరు 10న పేట్రియాట్స్ సొంతగడ్డపై జరిగిన మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ శిక్షకులకు తమవారి మాటలకు బదులు ప్రత్యర్థి జట్టు రేడియో వ్యాఖ్యానం వినిపించింది. అనుమానాలు రేగాయి. స్టేడియం విద్యుత్ వ్యవస్థలో లోపానికి ప్రతికూల వాతావరణం తోడైందని, హెడ్‌సెట్‌లు సమకూర్చేది తామేనని లీగ్ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.