వాకిటి తొట్టెలలో కూర మొక్కలు

వరి పండించు రైతు బియ్యము కొని తినుటను చిన్నతనముగ నెంచును. గాని ఆ రైతే తోటకూర కట్టకును, కొత్తిమీర కట్టకును మిర్యాలగూడ అంగడికి పోవుట మనము నిత్యము చూచుచున్న సంగతి. ఇంటిలో ధాన్యపు బస్తాలు నిండుగ నుండి, కూరలోనికి నాలుగు పచ్చిమిరపకాయలు లేక పొరుగింటికి బిడ్డను పంపు గృహములు మన గ్రామములలో తక్కువ కావు. ఈ లోటును ఇంటి వాకిటనే కొంతవరకు తీర్చుకొను మార్గమును మేమిచ్చట వివరింపదలచితిమి.

ఇట్టి స్థితి పూర్వము లేదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, రాకమునుపు మన మెట్ట చేలలో జొన్నతోపాటు కంది, పెసర, అలసంద కలిసి పెరిగెడివి. చేని అంచున పుంటికూరయు, తీగ కాయలును దొరకెడివి. కాలువ వచ్చినపిదప ఆయకట్టు మాగాణి యయ్యెను. అన్నమునకు కొదువ తీరెను. గాని నీరు నిలిచిన మడిలో వంగ బ్రతుకదు, గట్టు సన్నగిలిన చోట బెండకు తావు లేదు. ఇంటి పెరడులు కూడ గచ్చు నేలలైనవి. ఇక మిగిలినది పంచ, అరుగు, వాకిలి, మిద్దె.

తొట్టెలో మొక్క పెంచుట పట్టణవాసుల వేడుక యని కొందరందురు. మన వాకిటి తులసికోట తొట్టె కాక మరేమి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో పెద్దవారొక్కరికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావలెనని యున్నది. నలుగురున్న ఇంటికి ఒకటిన్నర కిలోగ్రాములకు పైమాట. తొట్టెలు దీనినంతయు తీర్చునని మేము చెప్పము. పది పండ్రెండు తొట్టెలున్నచో ఆకుకూర వారమునకు ఒకటి రెండు మారులు, మిరప, కొత్తిమీర, పుదీన, కరివేపాకు తరచుగను చేతికి వచ్చును. ఏ మందు చల్లిరో తెలియని ఆకును బిడ్డలకు పెట్టుట అంతమేరకు తప్పును.

అయితే ఒక హెచ్చరిక. సేద్యమున ఆరితేరినవారి తొట్టెలే తరచుగ చెడుచుండును. ఏలననగా వారు తొట్టెను చిన్న పొలమని భావించి, పొలమునకు చేసినట్లే చేయుదురు. తొట్టె చిన్న పొలము కాదు. పొలములోని వేరు నీటికొరకు, సత్తువకొరకు దూరము పోగలదు. తొట్టెలోని వేరు కట్టివేసిన పశువువంటిది. మనము పెట్టినదే దానికి మేత, పోసినదే దానికి నీరు. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నయెడల దిగువ చెప్పునదంతయు సులభముగ బోధపడును.

స్థలము

కాయలు కాచు మొక్కలకు దినమునకు ఆరు గంటల ఎండ కావలెను. ఆకుకూరలకు మూడు నాలుగు గంటలు చాలును. తూర్పు ముఖపు పంచ అన్నిటికంటె శ్రేష్ఠము. ఉదయపు లేత ఎండ తగులును, మధ్యాహ్నపు తీవ్రత తప్పును. పడమటి వైపున బీర, కాకర, చిక్కుడు వంటి తీగలను పందిరికి పాకించినచో కాయతోపాటు ఇంటికి నీడయు కలుగును. ఎండ తక్కువగు ఉత్తరపు వైపున పుదీన, బచ్చలి పెంచవచ్చును. మిద్దెపై పెట్టువారు బరువును లెక్కింపవలెను. ఇరువది లీటర్ల తొట్టె తడి మన్నుతో ముప్పది కిలోగ్రాములవరకు తూగును. గనుక గోడలమీదుగ, దూలములమీదుగ పెట్టుట క్షేమము. కోతుల బెడద గల గ్రామములలో మనుష్యుల మసలు చోటనే తొట్టెల నుంచుట మంచిది.

పాత్రలు

పగిలిన గోలెము, పాత నూనె డబ్బా, చక్కగ కడిగిన ఎరువుల సంచి, సిమెంటు తొట్టి, వెదురు గంప, ఏదైనను పనికివచ్చును. ఆకుకూరలకు జానెడు లోతు చాలును. మిరప, వంగ, టమాటలకు అడుగు లోతును, పదునైదు ఇరువది లీటర్ల పరిమాణమును ఉండవలెను. తీగ జాతులకును, కరివేప చెట్టునకును నలువది లీటర్లకు తక్కువ కారాదు. అడుగున వ్రేలు పట్టునంతటి రంధ్రములు నాలుగైదు తప్పక వేయవలెను. మట్టి కుండ నీటిని గోడలనుండి ఆవిరిగ వదలుచు వేళ్ళను చల్లగ నుంచును, గాని త్వరగ ఆరును. ప్లాస్టిక్ తొట్టె నీటిని నిలుపును, గాని ఎండకు కాగును. వేసవిలో అట్టి తొట్టె చుట్టును వరిగడ్డి కట్టవలెను.

పురుగుమందు డబ్బాలను మాత్రము, ఎన్నిమార్లు కడిగినను, తొట్టెలుగ వాడరాదు. ఇది ఆషామాషీగ చెప్పుమాట కాదు. 2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లా గండమన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది బాలబాలికలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినదనియు, నూనెను పురుగుమందు డబ్బాలో నిలువచేసిరనియు అధికారులు తెలిపిరి. ఆ మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే ప్రభుత్వము నిషేధించినది. అట్టి డబ్బాలకు రంధ్రములు పొడిచి, ఎవరును తిరిగి వాడుకొనకుండ చేయుటయే ధర్మము.

మన్ను

రేగడి మన్ను గాని చెరువు పూడిక గాని పొలమునకు బంగారము. తొట్టెలో ఒంటరిగ వేసినచో తడిసి ముద్దయై, ఎండి రాయియగును. చెలక ఎర్రమన్ను రెండు పాళ్ళు, బాగుగ చివికిన పశువుల ఎరువు రెండు పాళ్ళు, ఊక ఒక పాలు కలుపవలెను. ఊక మన మిర్యాలగూడ బియ్యపు మిల్లుల వద్ద కావలసినంత దొరకును. అది మన్నును తేలిక చేసి వేళ్ళకు గాలి నిచ్చును. పచ్చి ఊక చివుకునపుడు మొక్కకు దక్కవలసిన నత్రజనిని తాను తీసికొనును గనుక, ఎరువుతో కలిపి నెల దినములు తడిపి యుంచి వాడుట మేలు. మిల్లు బాయిలరు బూడిద క్షారము. తొట్టెకు గుప్పెడుకంటె మించరాదు, యూరియాతో కలుపరాదు.

అడుగున గులకరాళ్ళు పోసిన నీరు బాగుగ దిగునని పలువురు నమ్ముదురు. అది సరికాదు. సన్నని మన్నులోని నీరు ముతక రాళ్ళలోనికి సులభముగ దిగక, రాళ్ళపైననే నిలిచియుండును. రాళ్ళు పోసినకొలది వేరునకు చోటు తగ్గి, తడి పైకి వచ్చును. రంధ్రముపై వంపు గల పెంకు ముక్క నొకదానిని బోర్లించిన చాలును.

నీరు

వరి పండించువాని చేయి నీటి విషయమున ఉదారము. ఇచ్చటనే తొట్టెలు చచ్చుచున్నవి. వరి మొక్క కాండమునను, వేళ్ళయందును గాలి పోవు సన్నని గొట్టములు కలవు. ఆకు పీల్చిన గాలి వాటిగుండ నీటి అడుగుననున్న వేరునకు చేరును. కావుననే అది నిలువ నీటిలో బ్రతుకును. మిరపకు, టమాటకు, వంగకు అట్టి సాధనము లేదు. మన్నులోని సందులయందలి గాలియే వాటి వేరునకు ఊపిరి. ఆ సందులు నిరంతరము నీటితో నిండినచో వేరు కుళ్ళును. అప్పుడు ఆకు వాడును. వాడినదని మరల నీరు పోయుదుము. అది మరింత త్వరగ చచ్చును. వ్రేలిని రెండు కణుపులవరకు మన్నులో గుచ్చి చూచి, పొడిగనున్నపుడే నీరు పోయవలెను. పోసినపుడు అడుగు రంధ్రమున చుక్కలు రాలువరకు పోయవలెను. ఎండకాలమున ఉదయము, సాయంకాలము. వానకాలమున ఏ రెండు మూడు దినములకో.

మన జిల్లాలో మరియొక చిక్కు కలదు. నల్లగొండ ప్రాంతపు బోరు నీటియందు ఫ్లోరైడు అధికమను సంగతి దేశమంతటికి తెలిసినదే. త్రాగు నీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని నియమము. పటిక, సున్నములతో ఫ్లోరైడును తీయు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు 1970వ దశకమున రూపొందించినపుడు దానికి నల్లగొండ పేరే పెట్టిరి. చాలచోట్ల బోరు నీటియందు ఉప్పులును మెండు. పొలములో వాన ఆ ఉప్పులను కడిగివేయును. పంచ నీడనున్న తొట్టెకు వాన సోకదు గనుక ఉప్పు లోననే పేరుకొనును. తొట్టె అంచున తెల్లని పొర కట్టినచో అదియే గురుతు. గనుక వాన కురియునపుడు తొట్టెలను వాకిటిలోనికి జరుపవలెను. లేదా నెలకొకమారు వాన నీటితోనో కాలువ నీటితోనో అడుగున ధారగ కారువరకు కడుగవలెను. ఇంటిలో నీటిని శుద్ధిచేయు ఆర్‌ఓ యంత్రమునుండి విడుచు నీరు వ్యర్థమగుచున్నదని మొక్కలకు పోయుట పొరపాటు. త్రాగు నీటినుండి తొలగిన ఉప్పులు, ఫ్లోరైడు దానిలోననే చిక్కబడి యుండును. బియ్యము కడిగిన నీళ్ళు పోయవచ్చును. ఉప్పు వేసిన గంజి పోయరాదు.

తొట్టె క్రింది పళ్ళెములో నీరు నిలువ నుంచరాదు. డెంగీ జ్వరమును తెచ్చు దోమ అట్టి శుభ్రమైన నీటియందే గ్రుడ్లు పెట్టును. వారమునకొక్క దినమున పళ్ళెములన్నియు తోమి ఎండబెట్టినయెడల ఆ పిల్లలు దోమలు కాకమునుపే నశించును.

ఎరువు, పురుగులు

నీరు పోసినకొలది సత్తువ క్రిందికి కారిపోవును. గనుక ఒక్కమారు మెండుగ గాక, పదునైదు దినములకొకమారు తొట్టెకు గుప్పెడు చివికిన ఎరువో, వానపాముల ఎరువో వేయవలెను. యూరియా పిడికిళ్ళతో వేయుట చేనికి అలవాటైనను, తొట్టెలో అది వేరును కాల్చును. మన్ను కలుపునపుడు తొట్టెకు 50 గ్రాముల వేపపిండి చేర్చుట మంచిది.

పేనుబంక, పిండినల్లి కనబడినచో మొదట నీటి ధారతో కడుగవలెను. తగ్గనిచో వేపగింజల పలుకు 50 గ్రాములు దంచి, లీటరు నీటిలో ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను. వరికి తెచ్చిన మందు మిగిలినదని దానిని పంచలోనికి తేరాదు. ఆ పంచలోననే పిల్లలాడుదురు, పెద్దలు పండుకొందురు.

కాలము

మృగశిర కార్తెతో మిరప, వంగ, బెండ, బీర ఆరంభింపవచ్చును. ఆశ్వయుజ, కార్తిక మాసములు టమాట, పాలకూర, మెంతి, కొత్తిమీరలకు అనుకూలములు. ధనియమును రెండు పప్పులుగ నలిపి చల్లవలెను. వేసవిలో తోటకూర, గంగవాయిలి, బచ్చలి తట్టుకొనును. మడియంతయు ఒక్కనాడే నాటుట మన అలవాటు. తొట్టెలలో అట్లు చేసిన ఒక వారము కూర మిక్కుటమై, తరువాతి మాసము శూన్యమగును. తోటకూర, మెంతి నాలుగు వారములలో కోతకు వచ్చును గనుక, పదునైదు దినములకొక తొట్టె చొప్పున విత్తినయెడల కోత యెడతెగక సాగును.

సంఘము చేయదగిన పని

ఒక గ్రాము టమాట విత్తనములో ఇంచుమించు మూడు వందల గింజలుండును. ఒక ఇంటికి కావలసినవి నాలుగు మొక్కలు. ఒక్కొక్కరు ఒక్కొక్క పొట్లము కొన్నచో తొంబదితొమ్మిది పాళ్ళు డబ్బాలో పాతబడి చెడిపోవును. పది ఇండ్లవారు కలిసి విత్తనము తెప్పించి, ఒక ఇంట టమాట నారు, ఒక ఇంట వంగ నారు, ఒక ఇంట మిరప నారు పోసి పంచుకొన్నయెడల ఖర్చు స్వల్పము. మిల్లునుండి ఒక బండి ఊక, వేపపిండి ఒక బస్తా కూడ అట్లే తెప్పించుకొనవచ్చును. ఎరువులు, అప్పులు కలిసి తెచ్చుకొనుట నేర్చిన సభ్యులకు నారు కలిసి పోసికొనుట కష్టము కాదు.

సభ్యులు ముందుగ మూడు తొట్టెలతో ప్రారంభింపవలెనని మా సలహా: ఒకటి తోటకూరకు, ఒకటి కొత్తిమీరకు, ఒకటి మిరపకు. వ్రేలు గుచ్చి నీరు పోయుట చేతికి అలవాటైనపిదప సంఖ్య పెంచుకొనవచ్చును. తొలి తోటకూర కోయు దినమున విత్తుటకు రెండవ తొట్టెను ఇప్పుడే సిద్ధపరచి యుంచవలెను.