లినోకట్: అచ్చయినా అసలు బొమ్మే

మొన్న బొమ్మల ప్రదర్శనలో ఒక లినోకట్ ముందు ఆగి మావారు, "అచ్చు వేసిందేగా, దీనికింత ఖరీదా?" అన్నారు. మీకూ ఆ సందేహం రావచ్చు.

అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి చేసేది లినోలియం. 1860లలో ఇంగ్లండులో నేల మీద పరవడానికే పుట్టింది. ఆ ముక్క మీద బొమ్మ గీసి, అక్కర్లేని చోటల్లా చిన్న ఉలితో చెక్కేస్తారు. మిగిలిన మిట్టకు రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి అదుముతారు. మన మచిలీపట్నం కలంకారీ అచ్చుల పద్ధతే! కాకపోతే అక్కడ కొయ్య, గుడ్డ.

చెక్కిన చోటు తెల్లగా ఉండిపోతుంది. నందలాల్ బోస్ 1930లో చేసిన దండియాత్ర బొమ్మలో, కర్ర చేతబట్టి నడిచే గాంధీగారిని చూపించే తెల్లగీతలన్నీ అలా చెక్కినవే. ముగ్గులో గీత తప్పితే చెరిపి మళ్లీ వేసుకుంటాం. ఇక్కడ ఉలి జారితే పోయిన ముక్క తిరిగి రాదు. పైగా కుడి ఎడమలు తారుమారై పడతాయి. అదీ ముందే ఆలోచించుకోవాలి.

ఈనాటి కళాకారులు ప్రతి కాగితం కింద పెన్సిలుతో సంతకం చేసి, 3/20 అని వేస్తారు. అంటే ఇరవైలో మూడోదని. వీటికి వేరే అసలు లేదు, ఇరవయ్యీ అసలువే. ఒక్కటే ఉండే రంగుల చిత్రం కంటే అందుకే సాధారణంగా తక్కువకు దొరుకుతాయి. ఈసారి వెళ్లినప్పుడు ఆ అంకె చూడండి, మావారిలా తొందరపడకండి!