రాత్రి రెండింటికి పదడుగుల ప్రయాణం

అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడ్డ పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల క్షేమం కోసం ముందుగా కొనేది సీసీ కెమెరా. హాల్లో ఒకటి, వీధి గుమ్మం మీద ఒకటి. మనిషి పడితే కెమెరా చూపిస్తుంది గానీ, పడకుండా ఆపదు. పడే ప్రమాదం బాగా ఉన్న బాత్రూములో దాన్ని ఎలాగూ పెట్టలేం. (హాల్లో కెమెరా మీద తువ్వాలు ఆరేసే తల్లులూ ఉన్నారు. దాని మీద వాళ్ల అభిప్రాయం అది.)

పెద్దవాళ్ల ఇంట్లో ముందు చూడాల్సింది మంచానికీ బాత్రూముకీ మధ్య దారి. డెబ్బై అయిదేళ్ల మనిషి రాత్రి రెండింటికి ఒంటేలుకని లేచారనుకోండి. లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉంటే గుండె, రక్తనాళాలు క్షణాల్లో సర్దుకుంటాయి. వయసు మళ్లాక ఆ సర్దుబాటు నెమ్మదిస్తుంది. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు గానీ అంతకు మించి గానీ పడితే వైద్యులు దాన్ని లోపంగానే లెక్కిస్తారు. అలా పడ్డప్పుడు మనిషి తూలుతాడు. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు ఈ తూలుడుని పెంచొచ్చు. ప్రోస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్ కూడా ఆ కోవలోదే. మూత్రం ఇబ్బంది తగ్గడానికి వేసుకున్న మాత్రే, మూత్రానికి లేచినప్పుడు కళ్లు తిరిగేలా చేయొచ్చన్నమాట.

అందుకని మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి, పాదాలు ఆడిస్తూ ఒకటి రెండు నిమిషాలు కూర్చుని లేవడం అలవాటు చేసుకోవాలి. ఆస్పత్రిలో బీపీ కూర్చోబెట్టే చూస్తారు. నిలబెట్టి కూడా చూడమని అడగండి. డాక్టరుగారు ఒకసారి గడియారం వంక చూడొచ్చు, ఫర్వాలేదు.

ఇక దారి. లైటు స్విచ్ గదికి ఆ చివర ఉంటుంది, అక్కడిదాకా చీకట్లోనే నడక. ఒక జీరో బల్బు ఆ పని తీరుస్తుంది. బాత్రూము గుమ్మం ముందు పాత చీరతో కుట్టిన పట్టా ఉంటుంది, అది కాలి కింద జారుతుంది. దాన్ని తీసేయాలి. లోపల నేల ఒకటి రెండు అంగుళాలు దిగువన ఉంటుంది. ఆ అంచుకి వేరే రంగు టేపు అతికిస్తే, శుక్లాలొచ్చిన కంటికి కూడా ఆనుతుంది. ఆ పైన, గృహప్రవేశం నాడు చుట్టాలంతా మెచ్చుకున్న నున్నటి టైల్సు. తడిస్తే ఎవరినీ నిలవనివ్వవు. మార్చడం కుదరకపోతే రంధ్రాలున్న రబ్బరు చాప పరవాలి. తూలినప్పుడు చెయ్యి వెళ్లేది తువ్వాలు కడ్డీ మీదికే. అది తువ్వాలు బరువుకే బిగించింది, మనిషి బరువుకి కాదు. కమోడు పక్కన, స్నానం చేసే చోట గోడలోకి బోల్టులతో దిగిన స్టీలు కడ్డీలు కావాలి. గాలి పట్టుతో అతుక్కునేవి కొనకండి, అవసరమైన రోజే ఊడొస్తాయి. లోపలి గడియ తీసేసి, బయటి నుంచీ తెరవగలిగే తాళం పెట్టించండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, గుల్లబారిన తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ బాగానే జరిగినా చాలామంది మునుపటి నడకకి తిరిగి రాలేరు.

మాత్రల సంగతి మరో చిక్కు. ఇద్దరు డాక్టర్లు ఒకే మందుని రెండు పేర్లతో రాయడం, రెండూ వేసుకోవడం మామూలే. అన్ని పట్టీలూ ఒక సంచీలో వేసుకెళ్లి ఒకే డాక్టరుకి చూపిస్తే సగం చిక్కు విడిపోతుంది. మిగతా సగం పంచాంగంలో ఉంటుంది. ఏకాదశి, కార్తీక సోమవారం, రంజాన్ రోజా. తిండి మానేసి గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర మాత్రం మానకుండా వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మాట కనిపిస్తే ఇంట్లోవాళ్లు ఉపవాసం నీరసం అనుకుంటారు. ఉపవాసం మానమంటే వినరు. ఆ రోజు మాత్ర ఎలాగన్నది ముందే డాక్టరుని అడిగి ఉంచుకోవాలి.

పడతారన్న భయంతో నాన్నని రైతుబజారుకి వెళ్లొద్దనడం పిల్లలు ప్రేమతో చేసే అపకారం. నడవని కాలు నెలల్లో సన్నబడుతుంది, సన్నబడ్డ కాలే పడేస్తుంది. అనుమానముంటే ఒక పరీక్ష ఉంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. పన్నెండు సెకన్లు, ఆపైన తీసుకుంటే పడే ముప్పు ఉన్నట్టు. అప్పుడు కావలసింది ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, ఫిజియోథెరపిస్టు.

ఇంత చేసినా పడితే పిలవడానికి 108 అంబులెన్సు మన దగ్గర 2005 నుంచీ ఉంది. కానీ దానికి దారి చెప్పే మనిషే ఆ వేళకి దొరకడు. గుడి వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురు అని గుర్తులతో సహా చిరునామా గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంచండి. పక్కింట్లో ఒక తాళం చెవి ఉంచండి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత నంబరు కూడా ఉంది.

అన్నిటికన్నా కష్టం ఆ స్టీలు కడ్డీకి ఒప్పించడం. నాకప్పుడే ముసలితనమా అంటారు నాన్న. నాకెందుకురా ఖర్చు అంటుంది అమ్మ. నాన్నతో అమ్మ కోసమని, అమ్మతో నాన్న కోసమని విడివిడిగా చెప్పండి. ఇద్దరూ కలిసి మేస్త్రీని పిలుస్తారు.